చిన్న వాషరు, పెద్ద ఇంజను



ఇంటి ఖర్చుల గురించి ఈ పేజీలో ప్రతి నెలా ఏదో ఒక సంగతి మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఈ నెల ఒక బండి గురించి, ఇంకా సరిగ్గా చెప్పాలంటే ఒక బండి ఇంజనులో ఉండే చిన్న రాగి వాషరు గురించి మాట్లాడుకుందాం. "పాస్టరు గారికి ఇంజన్లతో ఏమి పని?" అని కొందరు నవ్వుకోవచ్చు. అయితే కూడబెట్టిన లక్షలు పోసి పాత డీజిల్ బండి కొని, ఏడాది తిరగకముందే ఇంజను దింపవలసి వచ్చి, ఆ ఖర్చు మూలంగా అమ్మాయి కాలేజీ ఫీజు దగ్గర తడుముకొన్న ఇళ్ళు ఉన్నాయి. ఆ బండి కొనమన్న బావమరిదితో మాటలు మానేసిన వాళ్ళూ ఉన్నారు. ఇంటి సమాధానాన్ని పాడుచేసేది ఇంజను అయినప్పుడు, ఆ ఇంజను సంగతి కూడా కుటుంబ పత్రికలో మాట్లాడుకోదగినదే అని మా అభిప్రాయం.

పెద్ద బండి అంటే మన వాళ్ళకు మోజు. నాలుగు చక్రాలకూ బలం అందే ఎత్తైన బండి అయితే మరీ. మన రాష్ట్రాలలో ఆ మోజుకు పేరు ఫార్చూనర్. నాయకుల కాన్వాయ్‌లలో చూసి చూసి, అది ఉంటే చాలు మనిషికి గౌరవం వస్తుందనే దాకా వెళ్ళింది. కొత్తది కొనలేని వారు పాతదాని వైపు చూస్తారు. ఆస్ట్రేలియాలో స్థిరపడిన మన పిల్లలు కూడా సెలవులకు కుటుంబంతో దూరప్రయాణాలు చేయడానికి పాత ప్రాడో, పాత హైలక్స్ కొంటున్నారు. ఊరు వేరు, పేరు వేరు, కాని ఆ రోజులలో వచ్చిన ఈ మూడు బండ్ల బానెట్ ఎత్తితే లోపల ఉండేది ఒకే ఇంజను కావచ్చు. అది టొయోటా వారి మూడు లీటర్ల డి-4డి డీజిల్ ఇంజను. మెకానిక్కులు దానిని 1కేడీ అని పిలుస్తారు.

ముందు ఆ ఇంజను మంచితనం చెప్పుకోవాలి. నాలుగు సిలిండర్లు, 2982 సీసీ. 2000 సంవత్సరంలో ప్రాడోలో మొదలై, 2005 నుండి హైలక్స్‌లో లోకమంతా తిరిగింది. మన దేశానికి 2009లో ఫార్చూనర్‌తో పాటు వచ్చింది. అప్పటి ఫార్చూనర్‌లో అది 171 హార్స్ పవర్ ఇచ్చేది. 2015లో ఆస్ట్రేలియాలో, 2016లో మన దేశంలో దాని స్థానంలోకి 2.8 లీటర్ల కొత్త ఇంజను వచ్చింది. ఆఫ్రికా అడవి దారుల్లో, ఆస్ట్రేలియా ఎడారి బాటల్లో లక్షల కిలోమీటర్లు నడిచిన 1కేడీలు ఎన్నో ఉన్నాయి. కాబట్టి ఇది చెడ్డ ఇంజను అని ఎవరూ అనుకోవద్దు. మంచి ఇంజనే. అయితే దానికి తెలిసిన జబ్బు ఒకటి ఉంది. తెలిసిన జబ్బుకు వేళకు మందు వేస్తే మనిషి నూరేళ్ళు బ్రతుకుతాడు. తెలిసి కూడా ఊరుకొంటే తప్పు జబ్బుది కాదు.

ఆ జబ్బు ఏమిటి?

ప్రతి సిలిండరు పైన ఒక ఇంజెక్టరు ఉంటుంది. దాని పని డీజిల్‌ను సన్నని తుంపరగా సిలిండరులోకి కొట్టడం. ఆ ఇంజెక్టరు ముక్కు సిలిండరులోకి దిగే చోట, కింద ఒక చిన్న వాషరు కూర్చుంటుంది. మెకానిక్కులు దానిని ఇంజెక్టర్ సీటు అంటారు. చిన్న పిల్లల వేలి ఉంగరమంత ఉంటుంది. లోపల మండే మంట, గ్యాసు పైకి తన్నకుండా ఆపడమే దాని పని.

ఈ సంగతి మన అక్కచెల్లెళ్ళకు మెకానిక్కు కంటే త్వరగా అర్థమవుతుంది. ప్రెషర్ కుక్కరు మూతకు ఉండే గ్యాస్కెట్టు లాంటిదే ఇది. గ్యాస్కెట్టు గట్టిపడి పగుళ్ళు వచ్చిందనుకోండి. విజిల్ రాదు, మూత అంచున సుయ్‌మని ఆవిరి పోతుంది, స్టవ్వు మీదంతా గంజి నురగ కారుతుంది. కుక్కరులో అది రోజుకు రెండు సార్లు పనిచేస్తే చాలు. ఇంజను నిమిషానికి 2000 చుట్లు తిరుగుతుంటే ఒక్కో సిలిండరులో నిమిషానికి 1000 సార్లు మంట వెలుగుతుంది. వెలిగినప్పుడు లోపలి ఒత్తిడి మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి వంద రెట్లు దాటవచ్చు. ఆ దెబ్బను ఆ ఉంగరం మోయాలి. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ సీటు అణిగిపోయి, అంచున సన్నని సందు పడుతుంది.

సందు పడితే ఏమవుతుంది? మండిన గ్యాసు ఇంజెక్టరు పక్కనుండి పైకి, టాపెట్ కవర్ లోపలికి తన్నుతుంది. అక్కడ ఉండేది ఆయిలు. మసి, వేడి గ్యాసు, ఆయిలు కలిస్తే తారులాంటి నల్లని ముద్ద తయారవుతుంది. అది కొంత అక్కడే గడ్డకడుతుంది, కొంత పెళ్ళలుగా ఊడి, ఆయిలుతో పాటు కిందికి జారి, అడుగున ఉన్న ఆయిల్ చాంబర్‌లో చేరుతుంది. ఆ చాంబర్‌లో ఆయిలు పంపు నోటి దగ్గర ఒక జల్లెడ ఉంటుంది. స్ట్రైనర్ అంటారు. ఇంజనులోని ప్రతి బేరింగుకు, టర్బోకు వెళ్ళే ఆయిలంతా ఆ జల్లెడలో నుండే పోవాలి. మసి పెళ్ళలు వచ్చి ఆ జల్లెడకు అడ్డం పడతాయి.

ఇప్పుడు సంగతి అర్థమైందా? చాంబర్‌లో ఏడు లీటర్ల దాకా ఆయిలు ఉంటుంది. డిప్‌స్టిక్ తీసి చూస్తే నిండుగా కనబడుతుంది. అయినా పైకి ఎక్కదు. నిండు బావి పక్కన చేంతాడు తెగినవాడు దాహంతో కూర్చున్నట్టు, నిండా ఆయిలు పెట్టుకొని ఆ ఇంజను ఎండిపోతుంది. ముందు టర్బో అరుస్తుంది, తర్వాత బేరింగులు పట్టేస్తాయి, ఆ పైన ఇంజను దింపడమే.

2005 తర్వాతి తొలి సంవత్సరాలలో తయారైన బండ్ల విషయంలో ఈ ఫిర్యాదు ఎక్కువగా వినిపించింది, ముఖ్యంగా ఆస్ట్రేలియాలో. తరువాత కంపెనీ ఆ సీటును మార్చింది. మన దేశంలో అమ్మిన ప్రతి ఫార్చూనర్‌లో ఈ లోపం ఉందని మేము చెప్పడం లేదు. అయితే ఇక్కడి మొదటి బండ్లకు కూడా ఇప్పుడు పదిహేనేళ్ళు దాటాయి. ఎంత మంచి వాషరైనా అన్నేళ్ళ తరువాత ఒకసారి చూడవలసినదే. 2005లో వచ్చిన ఇన్నోవాలోని రెండున్నర లీటర్ల ఇంజను కూడా ఈ కుటుంబానికి చెందినదే గనుక, టాక్సీగా తిరిగి తిరిగి అలసిన ఇన్నోవా ఉన్నవారు కూడా ఈ మాటలు వినడం మంచిది.

గుర్తులు ఏమిటి?

మొదటిది, చెవికి తెలిసే గుర్తు. ఉదయం ఇంజను చల్లగా ఉన్నప్పుడు సెల్ఫ్ కొట్టి, బానెట్ ఎత్తి వినండి. డీజిల్ ఇంజను సహజంగా చేసే టకటక చప్పుడు వేరు. దాని మధ్యలో చఫ్, చఫ్ అని గాలి తన్నుతున్నట్టు శబ్దం వస్తుంటే సీటు కారుతున్నదేమోనని అనుమానించాలి. ఇంజను వేడెక్కాక ఆ శబ్దం తగ్గిపోవచ్చు. అందుకే మధ్యాహ్నం షెడ్డుకు తీసుకువెళితే మెకానిక్కుకు ఏమీ వినబడదు, "మీకు అనుమానం ఎక్కువండి" అని పంపేస్తాడు. రాత్రే బండి అక్కడ వదిలి, తెల్లవారి మొదటి సెల్ఫ్ అతని చేతనే కొట్టించండి.

రెండవది, కంటికి కనబడే గుర్తు. ఆయిలు పోసే మూత తీసి దాని అడుగు చూడండి. అక్కడ తారులా గట్టి పొర పేరుకొని ఉంటే మంచిది కాదు. డీజిల్ ఇంజనులో ఆయిలు నల్లగా ఉండడం తప్పు కాదు. మార్చిన కొద్ది రోజులకే నల్లబడుతుంది. దానిని చూసి భయపడవద్దు. చూడవలసినది రంగును కాదు, చిక్కదనాన్ని. రెండు వేళ్ళ మధ్య రాస్తే జిగురుగా, గరగరగా తగులుతుంటే అప్పుడు ఆలోచించాలి. ఇంజను నడుస్తుండగా ఆ మూత దగ్గర గాలి బలంగా తన్నడం, టర్బోకు వెళ్ళే గాలి గొట్టంలో ఆయిలు ఎక్కువగా కారి ఉండడం కూడా ఇదే వరుసలోవి. పాత ఇంజనులో కొంత గాలి, కొంత చెమ్మ మామూలే గనుక, ఈ ఒక్క గుర్తుతోనే తీర్పు చెప్పకూడదు.

మూడవది, డాష్‌బోర్డు మీద ఎర్రగా వెలిగే ఆయిల్ లైటు. సెల్ఫ్ కొట్టిన వెంటనే ఆరిపోవలసిన ఆ లైటు రెండు మూడు క్షణాలు ఆలస్యంగా ఆరుతుంటే, లేదా ఘాట్ రోడ్డు మలుపుల్లో ఒక్కసారి మిణుకుమంటే, ఇక బండి కదపవద్దు. ఈ లైటు గురించి మన వాళ్ళలో పెద్ద అపోహ ఉంది. "ఏదైనా తేడా వస్తే లైటు వెలుగుతుందిగా, అప్పుడు చూద్దాం" అంటారు. అది జ్వరం వచ్చిందని చెప్పే లైటు కాదు. ఊపిరి ఆగుతున్నదని చెప్పే లైటు. అది వెలిగాక "ఇంకో పది కిలోమీటర్లేగా, ఊరు చేరాక చూద్దాం" అని నడిపితే, ఆ పది కిలోమీటర్ల ఖరీదు ఒక ఇంజను.

ఇంకొక జబ్బును దీనితో కలిపి గందరగోళపడవద్దు. వాషరు కాకుండా ఇంజెక్టరే పాడవడం వేరు. అప్పుడు చల్లని ఇంజను సుత్తితో కొట్టినట్టు చప్పుడు చేస్తుంది, తెల్లపొగ వస్తుంది, నిలబడి ఉన్నప్పుడు బండి వణుకుతుంది. దీనిని కూడా అశ్రద్ధ చేయకూడదు. తుంపరగా కొట్టవలసిన డీజిల్‌ను ధారగా వదిలే ఇంజెక్టరు కింద ఉన్న పిస్టను కాలి పగిలే ప్రమాదం ఉంది. స్కానర్ పెడితే ఒక్కో సిలిండరుకు కంప్యూటరు ఎంత సర్దుబాటు చేస్తున్నదో అంకెల్లో తెలుస్తుంది. నాలుగూ సున్నాకు దగ్గరగా ఉంటే మంచిది. ఒక్కటి మిగతా మూడింటికి దూరంగా పోతే ఆ ఇంజెక్టరును బెంచి మీద పరీక్ష చేయించాలి. అయితే ఆ అంకెలు బాగున్నాయి గనుక సీట్లు కూడా బాగున్నట్టే అనుకోకూడదు. అంకెలు ఇంజెక్టరు ఆరోగ్యం చెబుతాయి, దాని కింది ఉంగరం సంగతి చెప్పవు.

బండి ఉన్నవారు చేయవలసినది

ఖర్చు తక్కువ పనితో మొదలుపెడదాం. ఈసారి ఆయిలు మార్పించేటప్పుడు మీరు దగ్గర ఉండండి. వేడి మీద ఆయిలంతా దించాక, చాంబర్ నట్టు తీసిన రంధ్రంలో నుండి సన్నని కెమెరా పంపి స్ట్రైనర్ చూడమనండి. ఇప్పుడు సెల్‌ఫోనుకు తగిలించుకొనే చిన్న కెమెరాలు తక్కువ ధరకే దొరుకుతున్నాయి. మంచి షెడ్డులో ఉంటాయి. జల్లెడ కళ్ళు శుభ్రంగా కనబడితే ఆ రాత్రి హాయిగా నిద్రపోవచ్చు. ఫొటో తీయించి తేదీ, మీటరు రీడింగు రాసి దాచుకోండి.

శుభ్రంగా ఉన్నా, సీట్లు ఎప్పుడు మార్చారో మీకు తెలియకపోతే ముందుజాగ్రత్తగా మార్పించడం మేలు. దానికి మంచి సమయం టైమింగ్ బెల్టు మార్చే సమయం. దేశాన్ని బట్టి 1,00,000 లేక 1,50,000 కిలోమీటర్లకు ఆ బెల్టు మార్చమని కంపెనీ చెబుతుంది. అప్పుడు ఎలాగూ బండి రెండు రోజులు షెడ్డులో ఉంటుంది. పెళ్ళికి సున్నం వేయించేటప్పుడే కారే కప్పు కూడా బాగుచేయించుకొన్నట్టు, రెండూ కలిపి చేయించుకోవచ్చు.

జల్లెడలో మసి కనబడిందనుకోండి. అప్పుడు పని క్రమంగా చేయాలి. చాంబర్ దింపి కడగాలి. స్ట్రైనర్ కడగాలి, బాగా పట్టేసి ఉంటే కొత్తది వేయాలి. టాపెట్ కవర్ తీసి ఏ ఇంజెక్టరు మొదట్లో నల్లని ముద్ద పేరుకొన్నదో చూడాలి. అక్కడే దొంగ దొరుకుతాడు. అయినా ఒక్కదానితో ఆగకుండా నాలుగు సీట్లూ మార్చాలి. మిగిలిన మూడింటి వయసూ అంతే గదా. ఇంజెక్టర్లు బయట ఉన్నప్పుడే బెంచి మీద పరీక్ష చేయించాలి. కొత్త సీటు కూర్చునే చోట పాత మసి గీకి, అద్దంలా శుభ్రం చేయాలి. ఇసుక రేణువంత మసి మిగిలినా కొత్త వాషరు కూడా త్వరలోనే కారుతుంది. బిగించేటప్పుడు టార్క్ రెంచితో, కంపెనీ పుస్తకంలో చెప్పినంత మాత్రమే బిగించాలి. కొత్త ఇంజెక్టరు వేస్తే దాని మీద ఉన్న కోడ్ కంప్యూటరులో ఎక్కించాలి. పనంతా అయ్యాక కొత్త ఆయిలు, ఫిల్టరు వేసి, కొద్ది దూరం తిరిగాక ఆ ఆయిలు మళ్ళీ మార్పించాలి. మూలల్లో మిగిలిన మసి దానితో బయటకు వస్తుంది.

చేయకూడనివి కూడా ఉన్నాయి. పాత వాషరును ఇసుక కాగితంతో రుద్ది మళ్ళీ వేయనివ్వవద్దు. ఒకసారి అణిగిన రాగి రెండవసారి పట్టదు. ఇంజెక్టరు పట్టేస్తే సుత్తితో కొట్టి తీయనివ్వవద్దు, దానికి పుల్లర్ ఉంటుంది. కారుతున్నది గదా అని క్లాంపును ఇంకాస్త గట్టిగా బిగించి సరిపెట్టవద్దు. అన్నిటికన్నా ముఖ్యంగా, మసి పట్టిన ఇంజనులో ఫ్లష్ సీసా పోసి కడిగేద్దాం అనే సలహా వినవద్దు. పైన గడ్డకట్టి ఉన్న మసి అంతా ఒక్కసారి ఊడి జల్లెడ మీద పడితే, రేపు పోవలసిన ఇంజను ఈ రోజే పోతుంది.

వాషర్లు కొనేటప్పుడు చాసిస్ నంబరు చెప్పి, కంపెనీ ప్రస్తుతం ఇస్తున్న పార్టు నంబరు అడిగి తీసుకోండి. నాలుగు వాషర్ల దగ్గర చవక చూసుకొని నాలుగు లక్షల ఇంజనును పణంగా పెట్టడం తెలివి కాదు. ఆయిలు 10,000 కిలోమీటర్లకు మార్చమని కంపెనీ పుస్తకంలో ఉంటుంది. దుమ్ములో, ట్రాఫిక్‌లో, బరువుతో తిరిగే పాత బండికి అందులో సగానికే మార్చడం మేము మెచ్చుకొనే పద్ధతి. ఇంటికి వచ్చే పాలవాడి లెక్కలాగా బండికి ఒక నోటుపుస్తకం పెట్టండి. ఏ రోజు ఏమి చేయించారో రాయండి.

కొనబోయే వారికి

పాత ఫార్చూనర్ కొనదలచిన వారు ముందు కాగితాలు చూడాలి. సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళకు ముగుస్తుంది. తరువాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్ళకు పొడిగించుకోవాలి. ఆ ఖర్చు, తిరుగుడు మీ లెక్కలో ఉండాలి. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్ళు దాటిన డీజిల్ బండ్లపై 2015లో గ్రీన్ ట్రిబ్యునల్ ఆంక్షలు పెట్టినప్పటి నుండి అక్కడి బండ్లు తక్కువ ధరకు ఇతర రాష్ట్రాలకు వచ్చాయి. అందులో మంచివీ ఉన్నాయి. అయితే ధర తక్కువ అనేది ఒక్కటే కారణం కాకూడదు. మీటరు తిప్పడం మన బజారులో కొత్త విద్య కాదు గనుక, మీటరు కన్నా సర్వీసు బిల్లులను నమ్మండి.

బండి చూడడానికి ఉదయాన్నే వెళ్ళండి. ముందు బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే, మీరు రాకముందే ఎవరో ఇంజను వేడి చేశారన్నమాట. మర్యాదగా "రేపు వస్తాం, సెల్ఫ్ మేమే కొడతాం" అని చెప్పి రండి. తర్వాత ఒక్క ప్రశ్న అడగండి: "ఇంజెక్టర్ సీట్లు ఎప్పుడు మార్చారు? బిల్లు ఉందా?" ఆ ప్రశ్నకు బిల్లు తీసి చూపించినవాడి బండి పది వేలు ఎక్కువైనా కొనవచ్చు. "అలాంటివి ఈ బండికి అవసరం లేదండి" అన్నవాడి బండి అయితే, సీట్ల ఖర్చు, స్ట్రైనర్ ఖర్చు, బెల్టు ఖర్చు ధరలో తగ్గించి అడగండి. కొన్న మొదటి వారమే ఆ పని చేయించండి. చేతిలో ఉన్న డబ్బంతా బండికే పోసి, రిపేరుకు చిల్లిగవ్వ లేకుండా ఇంటికి తోలుకు రావద్దు.

ఆస్ట్రేలియాలో ఉన్న మన పిల్లలకు ఒక మాట. మీ దగ్గర పని గంటకు కూలి ఎక్కువ, ఊరికీ ఊరికీ మధ్య దూరమూ ఎక్కువ. వందల కిలోమీటర్లు ఇల్లు కనబడని దారిలో, వెనుక సీటులో పసిపిల్లలతో ఆగిపోతే అది డబ్బుతో తీరే ఇబ్బంది కాదు. అక్కడి డీజిల్ షెడ్డుల వారికి ఈ 1కేడీ సీట్ల సంగతి బాగా తెలుసు. దూరప్రయాణానికి ముందు సీట్లు, స్ట్రైనర్ రెండూ చూడమని పేరు పెట్టి అడగండి. "అంతా ఒకసారి చూడండి" అంటే టైర్లు, బ్రేకులు చూసి పంపిస్తారు.

"ఈ గొడవ ఎందుకు, కొత్త ఇంజనున్న బండి కొంటే పోలేదా?" అనేవారికి కూడా ఒక మాట. దాని తరువాత వచ్చిన 2.8 లీటర్ల ఇంజనుకు పొగ శుద్ధిచేసే ఫిల్టరు విషయంలో ఆస్ట్రేలియాలో పెద్ద వ్యాజ్యమే నడిచింది. 2015 అక్టోబరు నుండి 2020 ఏప్రిల్ వరకు అక్కడ అమ్మిన బండ్లలో ఆ లోపం ఉందని 2022లో ఫెడరల్ కోర్టు తీర్పు చెప్పింది. నష్టపరిహారం లెక్క ఎలా కట్టాలన్న సంగతి 2024లో హైకోర్టు దాకా వెళ్ళింది. లోపం లేని యంత్రం బజారులో దొరకదు. ఏ లోపం ఉందో తెలిసిన యంత్రమే సామాన్యుడికి మేలు.

డ్రైవరు మాట

బండ్ల సంగతిలో మనుషుల సంగతి కూడా ఉంది. మన దగ్గర ఇలాంటి పెద్ద బండి నడిపేది చాలాసార్లు యజమాని కాదు, జీతానికి ఉన్న డ్రైవరు. పొద్దున్నే సెల్ఫ్ కొట్టేది అతడే. ఆ చఫ్ చఫ్ మొదట వినేది అతని చెవే. వచ్చి చెబుతాడు: "సార్, చప్పుడు తేడాగా ఉంది." "నీకు ఎప్పుడూ ఏదో ఒక చప్పుడే, షెడ్డులో కమీషనా?" అని యజమాని కసురుకొంటాడు. రెండోసారి అతడు చెప్పడు. ఆరు నెలల తరువాత ఇంజను పోతుంది. "నువ్వు ఆయిలు చూసుకోలేదు" అని నింద అతని మీదే పడుతుంది. జీతంలో కోస్తారు, లేదా పంపేస్తారు. చాంబర్ నిండా ఆయిలు ఉండగానే ఈ ఇంజను పోతుందని పైన చెప్పుకొన్నాం. డిప్‌స్టిక్ రోజూ చూసిన డ్రైవరు కూడా దీనిని ఆపలేడు. ఆపగలిగినవాడు అతని మాట విని షెడ్డుకు పంపవలసిన యజమానే. కాబట్టి డ్రైవరు చప్పుడు గురించి చెప్పినప్పుడు నోటుపుస్తకంలో తేదీ వేసి రాయండి. ఆ ఒక్క వరుస మీ ఇంజనును కాపాడవచ్చు. ఇంజను పోయినా, ఒక పేదవాడి అన్నాన్ని, మంచి పేరును కాపాడుతుంది.

అమ్మబోయే వారికి

చివరిగా, అందరికన్నా కష్టమైన మాట బండి అమ్మేవారికి చెప్పాలి. జల్లెడలో మసి చూశారు. ఖర్చు విన్నారు. "ఇది మనకెందుకు, కొత్త ఆయిలు పోసి, పాలిష్ కొట్టించి, నాలుగు రోజుల్లో వదిలించుకుందాం" అనే ఆలోచన వస్తుంది. కొత్త ఆయిలు మీద చప్పుడు కొన్నాళ్ళు తగ్గినట్టు కూడా ఉండవచ్చు. చట్టం మిమ్మల్ని పట్టుకోకపోవచ్చు. కాని ఆ బండి కొనేవాడు కూడా మీలాగే చీటీ పాడుకొని, భార్య గాజులు తాకట్టు పెట్టి వచ్చినవాడే. మీ చేతి నుండి వెళ్ళిపోయిన మసి అతని ఇంట్లో చీకటి అవుతుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పి, ఆ రిపేరు ఖర్చు ధరలో తగ్గించి అమ్మండి. లేదా బాగుచేయించి, బిల్లు చేతిలో పెట్టి అమ్మండి. బిల్లు ఉన్న బండికి బజారులో ధర కూడా వస్తుంది. బాగుచేయించడానికి పెట్టినదంతా నష్టమేమీ కాదు.

నాలుగు వాషర్లు, ఒక జల్లెడ, ఏడు లీటర్ల ఆయిలు, ఒక రోజు పని. ఇది వేలల్లో తీరుతుంది. ఇంజను దింపితే లక్షల్లో ఉంటుంది. ఈ నెలలోనే ఒక ఉదయం, ఇంట్లో అందరూ లేవకముందు, సెల్ఫ్ కొట్టి, బానెట్ ఎత్తి, ఐదు నిమిషాలు నిలబడి వినండి. తేడా వినిపిస్తే ఆ రోజే షెడ్డుకు పంపండి. వినిపించకపోతే నోటుపుస్తకంలో "చప్పుడు బాగుంది" అని తేదీ వేసి రాసుకోండి. వచ్చే ఆయిలు మార్పుకు కెమెరా పెట్టి చూడమని ఆ పక్కనే ఇంకో వరుస రాయండి.